టీ చల్లారేలోగా నలభై మాడ్యూళ్లు

"ఒకే ఒక్క కమాండ్ కొట్టినా మునినారాయణప్పా, అంతే! ఈ హూడిలో నీ టీ అంగడి ముందర రోజూ వెయ్యిమంది మెడలో కార్డులు ఏలాడేసుకోని పోతారు గదా, ఆ దమ్ము నాకొక్కనికే వచ్చె. బ్యాంకు కంప్యూటర్‌కి ఇన్సూరెన్స్ కంప్యూటర్ మాట తెలీదప్పా. నడమ దుబాసీ మాదిరి జావా సాఫ్ట్‌వేర్ ఒకటి కావాల. వేరేవాళ్లకి దాని పునాదికే నెల పడతాది. నేను ప్రాజెక్టు టెంప్లేట్ తీసుకున్నా. అంటే నీ ఇడ్లీ పాత్ర అనుకో. గుంటలు ముందే ఉంటాయి, మనం పిండి పోసేదే," అన్నాడు వీరభద్రం.

"పాత్ర ఎవురిది?" అన్నాడు మునినారాయణప్ప, టీ తిరగబోస్తూ.

"పాత్ర ఎవరిదైతే ఏమి, ఇడ్లీ నాది గదా! నువ్విచ్చిన టీ చల్లారేలోగా నలభై మాడ్యూళ్లు, అంటే సాఫ్ట్‌వేర్ ముక్కలు, లేపినా. దేనికది వేరే. ఒకటి పాడైతే పీకేసి ఇంకోటి పెట్టొచ్చు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? బ్యాంకు, ఇన్సూరెన్స్ మాట్లాడుకున్నాయి. వాటి మాటలు విని కరెంటాఫీసు కలిసె, దాని ఎనకాలే ట్రాఫిక్ సిగ్నళ్లు! ఆ పొద్దు మడివాళ నుంచి ఈడిదాకా అన్నీ పచ్చలైట్లే, బస్సు ఎనిమిది నిమిషాల్లో వచ్చె!"

"ఆ పొద్దు నేను రెండు గంటలు నిలబడితినే."

"నువ్వు ఏ బస్సెక్కినావో! ఆనేకల్‌లో మగ్గాలు వాటంతటవే నేసినాయంట. జర్మనీ క్లయింటు లేచి దండం పెట్టె. ఇంత చేస్తే నాకేమొచ్చె? ప్రమోషన్ లిస్టులో నా పేరే లేదు. కష్టం ఒకడిది, పేరు ఇంకొకడిది."

బెంచీ చివర కూర్చున్న శ్రీజ ఈ మాటకి గ్లాసు కింద పెట్టింది. మూడేళ్లుగా వీరభద్రం టీములోనే ఉంది.

"వీరభద్రం అన్నా, ఆ టెంప్లేట్ నాది. ప్రతి ఫైలు మొదట్లో నా పేరుంటుంది, వాడేవాళ్లు మార్చుకోవాలని అక్కడే రాశాను. నువ్వు నలభైలో ఒక్కదాంట్లోనూ మార్చలేదు."

"తొందర్లో మర్చిపోయినాలే. ఏమైతాది?"

"సోమవారం ఒకటి పడిపోయి బ్యాంకు పని పూటంతా ఆగింది. మన టీముకంతా ఒకటే లాగిన్, ఎవరు ఎక్కించారో తెలీదు. ఫైలు తెరిస్తే నా పేరే కనిపించింది." బ్యాగులోంచి కాగితం తీసి బెంచీ మీద పెట్టింది. "నోటీసు. రేపు పదింటికి జవాబు చెప్పుకోలేకపోతే ఉద్యోగం పోతుంది. నువ్వొచ్చి ఇప్పుడన్న మాటే ఆ గదిలో అను. సిగ్నళ్లూ మగ్గాలూ వద్దు. నలభై నావే అను, చాలు."

వీరభద్రం కాగితాన్ని తాకకుండానే చదివాడు. మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"దాంట్లో నా పేరెక్కడుండాది శ్రీజమ్మా? నేనెట్ల చెప్పేది?"

అని లేచాడు. అతను సగం తాగి వదిలిన గ్లాసు మునినారాయణప్ప చేతిలోకి తీసుకుని చూశాడు.

"టీ ఇంకా చల్లారలేదప్పా. అప్పుడే నలభై పాయనే."