అట్టకి అతికించిన అర్జీ

దర్జీ కొట్టు వెనక గది. సాయంత్రం నాలుగైంది, ఆ రోజు సాయంత్రం బడికి సెలవు. దర్జీ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఆఫీసరు చేతిలో ఫైలు ఉంది.

"తాళం మాత్రం ఇవ్వను సార్. మీరు కూర్చున్నా ఇవ్వను, నిలబడ్డా ఇవ్వను."

"తాళం తర్వాత సంగతమ్మా. ముందు సంతకం పెట్టండి. బడి మూసే నోటీసు అందిందని ఒక్క సంతకం."

"అందలేదుగా."

"ఇదిగో, నా చేతిలోనే ఉంది."

"మీ చేతిలో ఉంటే నాకు అందినట్టా?"

"అమ్మా, పొద్దున్నుంచి తిరుగుతున్నాను. మీతో వాదించే ఓపిక లేదు. ఈ సాయంత్రం బడి మీ ఒక్కరిదీ కాదు. మా ఆఫీసు, పగటి బడి, మీ వీధి కొట్లవాళ్ళు, ముగ్గురూ కలిసి సంతకాలు పెడితే మొదలైంది."

"సంతకాల సంగతి సరే. గది నాది. బెంచీలు వడ్రంగి పాత తలుపులు కోసి చేశాడు. ఫ్యాను బేకరీ ఆయనది. లెక్కలు మందుల కొట్టమ్మాయి చెబుతుంది, మంగళవారం, శుక్రవారం. పిల్లల్ని పగటి బడి వాళ్ళు పంపారు. మరి మీరేం ఇచ్చారు?"

"అనుమతి ఇచ్చాం."

"అవునవును. అదొక్కటీ మోసుకురావడానికి బండి కట్టించుకోవాల్సిన పన్లేదు."

"వెటకారం వద్దమ్మా. ఒప్పందంలో నాలుగో షరతు ఉంది. ఎవరైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఏడు రోజుల్లో మేం జవాబివ్వాలి. ఇవ్వకపోతే మా మెడకి చుట్టుకుంటుంది. ఫిర్యాదు వచ్చింది. పోయిన మంగళవారం."

"ఇవాళ బుధవారం."

"నిన్ననే రావలసింది. పై ఆఫీసరు సంతకం దొరకలేదు. అది కాదు ఇప్పుడు..."

"ఎవరిచ్చారు ఫిర్యాదు?"

"చెప్పకూడదు."

"తగరపు పనాయనా? ఆయన రోజంతా డబ్బాలు బాదుతాడు, పిల్లల గొంతు ఆయనకెక్కడ వినబడుతుంది? ఎదురింటి పెద్దావిడా? ఆవిడ చెవుడు ఈ వీధికంతా తెలుసు. ఎవరో చెప్పండి, ఇప్పుడే వెళ్ళి అడిగొస్తా."

"అందుకే చెప్పకూడదనేది. అయినా నాకూ తెలీదు. పేరు రాయలేదు."

"పేరు రాయని కాగితం పట్టుకుని నా గది మూస్తారా?"

"మామూలు కాగితం కాదమ్మా. ఇరవై ఏళ్ళ నుంచి ఈ ఉద్యోగంలో ఉన్నాను, ఇలాంటి అర్జీ చూడలేదు. ఎక్కడా తిట్టు లేదు, ఏడుపు లేదు. ఒకటి, రెండు, మూడు అని వరసగా, తేదీలతో సహా. ఎవరో పెద్ద వకీలు రాసిందే. మా పై ఆయన చదివి, 'ఇంత ఇబ్బంది పడుతున్నారా పాపం, వెంటనే మూయించండి' అన్నారు."

"ఏం రాశాడు ఆ వకీలు?"

"ఒకటి. నాలుగో బెంచీకి మేకు పైకి తేలి ఉంది. ఇప్పటికి మూడు గౌన్లు చిరిగాయి."

"చిరిగితే నేనే కుట్టిచ్చాను. పైసా తీసుకోలేదు."

"రెండు. వానొస్తే గది మూల కారుతుంది. కింద పెట్టిన బకెట్ చప్పుడుకి పాఠం వినబడదు. మూడు. ఇరవై ముగ్గురికి ఒకే ఫ్యాను, అది కూడా గుడ్డల మీద గాలి ఆడే వైపు తిరిగి ఉంటుంది."

"తడి గుడ్డలు ఆరొద్దా మరి?"

"నాలుగు. ఎక్కాలు చెప్పేటప్పుడు ఒక పెద్ద గొంతు పదమూడో ఎక్కం దగ్గర రోజూ తప్పు చెబుతోంది. ఆ గొంతే అందరికంటే గట్టిగా ఉండటం వల్ల మిగతావాళ్ళు కూడా తప్పే నేర్చుకుంటున్నారు."

"పదమూడో ఎక్కం ఎవరికైనా కష్టమే సార్."

"ఎవరిదా గొంతు?"

"నాదే. అయితే ఏంటి? పదకొండేళ్ళకి నన్ను మిషను ముందు కూర్చోబెట్టారు సార్. కొలతలు రాసుకోవాలి కాబట్టి అంకెలు నేర్పారు, అక్కడితో సరి. అక్షరాలు ఇప్పుడు నేర్చుకుంటున్నా, ఈ గదిలోనే, ఆ పిల్లల పక్కన కూర్చుని. నాకు సిగ్గు లేదు. కోపం ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ ఒక గది తెరవలేదే అని కోపం."

"మీ మనసు మంచిదే, కాదనను. కానీ ఫలితం చూపించాలి కదా. పోయిన నెల నేనే వచ్చి పరీక్ష పెట్టాను. నా రిపోర్టులో ఉంది. ఒక పిల్లయితే తెల్ల కాగితం తెల్లగానే ఇచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల, ఒక్క అక్షరం పెట్టలేదు."

"మెట్ల పిల్ల."

"ఏం పేరది?"

"మేం పెట్టుకున్నది. ఏడాది కిందట నా కొట్టు మెట్ల మీద కూర్చునేది, బడి వదిలినప్పటి నుంచి వాళ్ళమ్మ వచ్చేదాకా. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నేల తుడుస్తుంది. దారిన పోయేవాడల్లా ఆ పిల్లని పలకరించేవాడు. నాకు మిషను మీద చెయ్యి ఆడేది కాదు. ఒక రోజు లోపలికి రమ్మన్నా. తర్వాత ఇంకో పిల్ల వచ్చింది. ఆ తర్వాతే మీరూ, మీ ఒప్పందమూ. ఆ పిల్ల మీ పరీక్ష రాయలేదంటే, మీరు గడియారం పట్టుకుని నెత్తి మీద నిలబడ్డారు కాబట్టి. నాకైనా సూదిలోకి దారం ఎక్కదు అలా నిలబడితే."

"ఏడాది తర్వాత కూడా రాయలేని పిల్ల..."

"ఏడాది తర్వాత ఈ వీధిలో ఏ మెట్టు మీదా పిల్ల లేదు. అది రాసుకోండి మీ రిపోర్టులో. మీ షరతులన్నీ నేను తలకెత్తుకున్నా. ఆరింటికి మూయమన్నారు, ఆరు కొట్టగానే తాళం వేస్తున్నా, నిమిషం దాటనివ్వకుండా. ఇంకేం కావాలి మీకు?"

"సంతకం."

"పెట్టను. మీ అనుమతి మీరు తీసుకుపొండి. రేపు నాలుగింటికి ఈ తలుపు తెరుస్తా. పిల్లలకి కాళ్ళున్నాయి, వాళ్ళే వస్తారు."

"ఏంటమ్మాయ్, సందు మొదట్లోకే వినబడుతోంది నీ గొంతు. ఈ బాబెవరు?"

"రా బాబాయ్, సమయానికొచ్చావు. ఈ సారు మన బడి మూస్తారట. సార్, మా బాబాయి. మీ ఆఫీసు అరుగు మీదే కూర్చుని ముప్ఫై ఏళ్ళ నుంచి జనానికి అర్జీలు రాసిపెడుతున్నాడు. ఇక్కడ గురువారం గురువారం పిల్లలకి రాత నేర్పేది ఈయనే."

"చూశానండీ మిమ్మల్ని. నల్ల గొడుగు కింద."

"గొడుగు నల్లదే బాబూ, ఎండకి తెల్లబడింది. ఎందుకు మూయడం?"

"ఎవరో వకీలు చేత రాయించి ఫిర్యాదు పెట్టారట. ఎవరో నీకు తెలియకుండా ఉండదు బాబాయ్. ఆ అరుగు మీద నిన్ను దాటి ఏ కాగితమూ లోపలికి పోదు."

"ఏదీ, ఒకసారి ఇటివ్వు బాబూ. చించనులే. కాగితం విలువ తెలిసినవాణ్ణి."

"జాగ్రత్తండీ. అట్టకి అతికించి ఉంది. మా దగ్గర ప్రతి కాగితాన్నీ అట్టకి అతికిస్తారు, ఎగిరిపోకుండా."

"ఊఁ."

"ఏంటి బాబాయ్?"

"పైన కుడి పక్క తేదీ. ఎడమ పక్క రెండు వేళ్ళ ఖాళీ. ఊఁ."

"ఊఁ అంటే?"

"తప్పు ఒక్కటీ లేదమ్మాయ్."

"తప్పుల సంగతి నేనడగలేదు. నీ మొహం చూడు ఎలా అయిందో. నువ్వు రాసిపెట్టావా? ఎవడో పది రూపాయలిస్తే నా గది మీదే అర్జీ రాశావా బాబాయ్?"

"నా చేత్తో రాయలేదు."

"అంటే?"

"నా చేత్తో రాయలేదంటే రాయలేదనే. కోప్పడకు. పోయిన గురువారం కాదు, అంతకు ముందు గురువారం... పగటి బడిలో ఆవు మీద వ్యాసం రాయిస్తారు. ఆవు వీళ్ళనేం చేసింది పాపం? నేను అర్జీ రాయమన్నాను. మీకు బాగా ఇష్టమైనదాని మీదే ఫిర్యాదు రాయండర్రా, ఇష్టం లేనిదాన్ని ఎవడైనా తిడతాడు, అందులో ఏం గొప్ప అన్నాను."

"పిల్లలు రాశారా ఇది? ఏమండీ, నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా?"

"ఇరవై ఇద్దరు రాసిచ్చారు బాబూ. ఒకత్తి మాత్రం 'ఇంకా అవ్వలేదు తాతయ్యా' అంది. ఈ 'ళ' చూడు, పొట్ట ఎంత లావుగా ఉందో. ఆ ఒకత్తిదే ఇది. నా కవర్లన్నీ పోస్టులో వేసేది కూడా ఆ పిల్లే, ఇంటికి పోతూ. వాటితో పాటు ఇదీ డబ్బాలో పడి ఉంటుంది, పొరపాటున."

"బాబాయ్. ఎవరు?"

"మెట్ల పిల్ల."

"నవ్వొద్దమ్మా."

"నవ్వట్లేదు సార్. తెల్ల కాగితం ఇచ్చిన పిల్ల. పెద్ద వకీలు. మీ పై ఆయన పాపం అన్నది ఎవర్నో తెలిసిందా ఇప్పుడు? నవ్వట్లేదు, ఏడుపొస్తోంది నాకు."

"సరే. సరేనమ్మా. నేనూ మనిషినే. దీనికి ఒకటే దారి. ఆ పిల్ల చేత రెండు ముక్కలు రాయించండి. ఇది ఉత్తుత్తి ఫిర్యాదు, పాఠం కోసం రాసింది, నిజం కాదు అని. నోటీసు ఇక్కడే చింపేస్తాను."

"ఏయ్ పిల్లా, ముందు గదిలో బొత్తాలు కుట్టింది చాలు, ఇటు రా. సారు ఒక కాగితం ఇస్తారు, ఆయన చెప్పినట్టు రాయి."

"విన్నానక్కా. రాయను."

"రాయవా?"

"అబద్ధం ఎలా రాయను? మేకు ఉంది. మూల కారుతోంది. పదమూడు ఏడులు తొంభై ఒకటి, నువ్వు తొంభై ఏడు అంటావు."

"అమ్మాయ్, అది పొరపాటున పోస్టులో పడిందని చెప్పు, చాలు."

"పొరపాటున కాదు తాతయ్యా. నేనే వేశాను."

"నీకు ఈ బడి అంటే ఇష్టం లేదా?"

"ఇష్టమైనదాని మీదే రాయమన్నారుగా అక్కా."

"మరి మూసేయమని ఎందుకు రాశావమ్మా?"

"నేను రాయలేదు సార్. ఎక్కడుంది మూసేయమని?"

"ఇన్ని ఇబ్బందులు రాశాక... అర్థం అదే కదా."

"తాతయ్య చెప్పారు, ఇబ్బందులు ముందు, కోరిక చివర అని. చివర చదివారా?"

"చివరంటే ఇదేగా, నాలుగో నంబరు. కింద పేరు కూడా లేదు."

"పేరు రాశాను సార్. వెనక."

"వెనకా?"

"అర్జీ ఒక పక్కే రాయాలని నేను చెప్పలేదూ?"

"నా దగ్గర ఒక్క కాగితమే ఉంది తాతయ్యా."

"వెనక అక్షరమ్ముక్క చదవకుండా అట్టకి అతికించేశారన్నమాట. సార్, ఇటివ్వండి."

"అమ్మా, అది ఆఫీసు కాగితం."

"ఆఫీసుదైనా మైదా జిగురేగా. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి అదే లేస్తుంది. పట్టు బట్టల మీద మరకలు తీసిన చెయ్యి నాది, భయపడకండి. ఇదిగో. లేచింది. బాబాయ్, చదువు."

"కళ్ళజోడు మసగ్గా ఉందమ్మాయ్. ఆవిరి పట్టింది. బాబు చదువుతాడు."

"ఇవ్వండి. 'కావున పై నాలుగు ఇబ్బందులూ మేము ఓర్చుకుంటాము. ఓర్చుకోలేనిది ఐదవది. మీ ఆఫీసు షరతు ప్రకారం ఈ గది ఆరింటికి మూసేస్తున్నారు. మా అమ్మకి పని ఏడున్నర దాకా పెంచారు. ఆరింటికే వచ్చేస్తోందని అక్కకి అబద్ధం చెప్పాను, అక్క బాధపడుతుందని. ఆ గంటన్నర సందు చివర మూసిన కొట్టు మెట్ల మీద కూర్చుంటున్నాను. ఇంకా ఇద్దరు కూర్చుంటున్నారు. కనుక గదిని ఏడున్నర దాకా తెరిచి ఉంచేలా ఉత్తర్వు ఇప్పించవలసిందిగా...'"

"చాలు సార్."

"కూర్చోండమ్మా. కుర్చీ ఇదిగో."

"నిమిషం దాటనివ్వకుండా తాళం వేశాను. గొప్పగా చెప్పుకున్నాను మీతో ఇందాక."

"పై ఆయనతో మాట్లాడతాను. షరతు మార్చడమంటే కొంచెం... వచ్చే నెల సమావేశంలో పెట్టి చూస్తాం. ఏం పాపా, సరేనా?"

"సరే కాదు సార్. ఏడు రోజుల్లో జవాబివ్వాలని ఇందాక మీరే అన్నారు, ఇవాళ ఎనిమిదో రోజు."