ఒడాయిర్ చేతిలో కవరు

అన్యాయం జరిగింది ఒడాయిర్‌కి, రెండువేల నాలుగులో. ముందు ఆ మాట రాసుకో చరితా, మిగతా ముచ్చట్లు తర్వాత. మన తెలుగు అసోసియేషన్ పాతికేళ్ల సావనీర్‌కి "సరదా జ్ఞాపకాలు కావాలి ఆంటీ" అంటూ వచ్చావుగా, ఇదిగో, ఈ ఫొటోతోనే మొదలుపెడదాం. శాలువా కప్పుకుని, చేతిలో లావుపాటి కవరు పట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడే, వాడే. బ్రెజిల్ నుంచి ఇక్కడ డెట్రాయిట్ ఇండోర్ సాకర్ టీమ్‌లో ఆడ్డానికి వచ్చాడు. మా పక్క అపార్ట్‌మెంటే. మనవాళ్ల నోట్లో ఆ పేరు తిన్నగా పలికితేగా, ఒడయారు చేసి కూర్చోబెట్టారు, మైసూరు మహారాజులాగా. ఆటా? నాకేం తెలుసమ్మా అప్పటికి, ఎనిమిదో క్లాసులో బడి మానిపించిన దాన్ని. మా నోవై ఊరి లైబ్రరీ నుంచి సాకర్ పుస్తకాలు తెచ్చుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను, వాడితో వాదించడానికి. "ఆంటీ, నువ్వు మా కోచ్ కంటే గట్టిగా అరుస్తావు" అనేవాడు. నా దోసావకాయ పెరుగన్నంలో నంజుకుని, కళ్లు తుడుచుకుంటూనే మళ్లీ వేయమనేవాడు. శనివారం పొద్దున్నే, అప్పటికి పిల్లలైన మీ అందరికీ పార్కులో ఆట నేర్పించాడు, పైసా పుచ్చుకోకుండా. నువ్వు గోల్‌కీపర్‌వి. బంతి వస్తుంటే కళ్లు మూసుకునేదానివి. నవ్వకు, మూసుకునేదానివి. "భయపడు, కళ్లు తెరిచి భయపడు" అనేవాడు నీతో. గుర్తుందా? ఆ, ఉంటుందిలే.

సరే, ఎవరైనా ఊరికే పనిచేస్తే మనవాళ్ల చేతులు ఊరుకోవు కదా, పట్టుకుని సన్మానం చేసేయాలి. దసరా సంబరాలకి హైస్కూల్ ఆడిటోరియంలో స్టేజీ ఎక్కించారు. శాలువా ఉంది, దండ ఉంది, కవరు ఉంది. కవర్లో పెట్టడానికి ఏమీ లేదు. భీమశంకరం గారు అప్పుడు ప్రెసిడెంటు. తెర వెనక్కి నా దగ్గరికొచ్చి, "రాధారాణి గారూ, ట్రెజరర్ చెక్‌బుక్ మర్చిపోయాడండీ, రేపిచ్చేద్దాం. ఫొటోలో పల్చగా కనిపిస్తే బావుండదు, కాస్త ఏదైనా పెట్టండి" అన్నాడు. పెట్టాను. భోజనాల బల్ల మీది పేపర్ న్యాప్‌కిన్లు రెండు మడిచి, ఇదిగో ఈ చేత్తోనే పెట్టి అంటించాను. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. వాడు ఇంటికెళ్లి తెరిచి చూసి, ఇది వీళ్ల ఆచారం కాబోలు అనుకున్నాడట. శాలువా మడతలో భద్రంగా దాచుకున్నాడు, పిచ్చి నాయన.

ఆ ఫొటో న్యూస్‌లెటర్‌లో వేశారు. కింద ఏమని? "కోచ్ ఒడాయిర్‌కు నగదు పురస్కారం" అని, ఇంగ్లీషులో కూడా. అప్పటికే వాడి మోకాలు వాచిపోయింది, టీమ్ వాళ్లు ఎలా వదిలించుకుందామా అని చూస్తున్నారు. ఇంకేం, దొరికింది. బయట డబ్బు తీసుకుని పనిచేశావు, కాంట్రాక్ట్ కాన్సిల్ అన్నారు. కాంట్రాక్ట్ పోతే వీసా పోతుంది. అది మనవాళ్లకి ఒకరు చెప్పాలా? ఏళ్ల తరబడి ఆ భయంతోనే పడుకుని లేచిన కొంపలు మనవి. వాడు అడిగింది ఒక్కటే, కవర్లో డబ్బు లేదని అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఒక్క వాక్యం. భీమశంకరం గారు గొంతు తగ్గించి, "ఉత్త కవరిచ్చి సన్మానం చేశామని మనమే రాసిస్తే డెట్రాయిట్ అంతా నవ్వరుటండీ? పరువు విషయం" అన్నాడు. కమిటీలో ఏడుగురు. ఏడు తలకాయలూ ఊగాయి. నేనే రాశాను చివరికి, నా ఇంగ్లీషులో, మూడుసార్లు చించి. ఆ మంచులో డ్రైవ్ చేసుకుంటూ టీమ్ ఆఫీస్‌కి పట్టుకెళ్లాను. మేనేజరు చదివి, "ఇందులో మీ హోదా ఏమిటి మేడమ్?" అన్నాడు. న్యాప్‌కిన్లు పెట్టినదాన్ని అన్నాను. నవ్వాడు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ రాకముందే ఒడాయిర్ విమానమెక్కాడు. ఆ మోకాలితో వాణ్ణి అక్కడా ఏ క్లబ్బూ తీసుకోలేదు. ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపేవాడు. రెండువేల పదకొండులో వచ్చిన కార్డు వాళ్ల చెల్లెలు రాసింది, మీరిచ్చిన శాలువా కప్పే సాగనంపాం అని.

ఏమిటీ? సావనీర్ విడుదల చేసేది భీమశంకరం గారేనా? తెలుసు. తెలిసే చెబుతున్నాను. "బాగుండదేమో ఆంటీ" ఏమిటి, నీకు కావలసిన పాతికేళ్ల ఫొటోలూ ఆ డబ్బాలోనే ఉన్నాయి. ఈ ఫొటో కింద నేను చెప్పింది అచ్చువేస్తేనే ఆ డబ్బా గడప దాటుతుంది. నా పేరూ దాచకు. ఏమే, కలం మూసేస్తున్నావేం, భయమా? ఉండనీ. కళ్లు తెరిచి భయపడు. ఆ, రాయి: ఒడాయిర్ మా దగ్గర పైసా పుచ్చుకోలేదు. ఈ కవర్లో ఉన్నవి రెండు పేపర్ న్యాప్‌కిన్లు. పెట్టింది రాధారాణి, పెట్టమన్నది ప్రెసిడెంటు భీమశంకరం. 2004 అక్టోబరు 16, శనివారం.