పొట్ట మీద ఏనుగు

బూట్లు విప్పితే మళ్ళీ తొడుక్కోవాలి, తొడుక్కోవాలంటే వంగాలి. ఐదింటికి రెండో డ్యూటీ. ఈ అరగంటకి విప్పడమెందుకులే అనుకుంటూ బస్సు డ్రైవరు కాళ్ళు బయటికి వేలాడేసి మంచం మీద వాలాడు. కూతురు గుడ్డ ఏనుగుబొమ్మతో వచ్చింది.

"నాన్నా, కదలకు. పొట్ట మీద పెడతా."

"మళ్ళీనా? నిన్ననేగా చేశాం."

"రోజూ చెయ్యాలి. ఇంట్లోవాళ్ళంతా ప్రశాంతంగా ఉండటానికట, టీచర్ చెప్పారు. ఊపిరి పీల్చు. ఏనుగు పైకి లేవాలి."

"ఇదిగో, ఎంత లేపానో చూడు!"

"దొంగ! పొట్ట ఉబ్బిస్తున్నావు. మామూలుగా పీల్చు. నిద్రలో పీల్చినట్టు."

"నేను నిద్రలో ఎలా పీలుస్తానో నీకేం తెలుసే?"

"...ఒకటి."

"చెప్పవేం?"

"మాట్లాడితే లెక్క తప్పుతుంది. రెండు."

"ఏమండీ, టీ ఇక్కడ పెడుతున్నా. ఏమే, వచ్చిన మనిషిని కాసేపు పడుకోనివ్వవా?"

"హోంవర్కమ్మా."

"ఏం హోంవర్కు? అది వారం రోజులేగా. కాగితం మీద సంతకం పెట్టి పంపించి నెలైంది."

"ఏమ్మా? అవునా?"

"మూడు."

"ఇటు చూడు బంగారం. అయిపోయిందాన్ని ఎందుకు చేయిస్తున్నావు?"

"చేస్తే మంచిది."

"ఎవరికి?"

"...ఆ రోజు నువ్వు కుర్చీలోంచి జారిపోయావుగా. అమ్మ ఎంత పిలిచినా లేవలేదుగా. అంబులెన్సు..."

"అది నీరసం తల్లీ. తగ్గిపోయింది."

"ఏం తగ్గింది? రోజుకి ఒక్క డ్యూటీనే అన్నారా లేదా డాక్టరుగారు? నా మాట ఎవరు వింటారు!"

"నువ్వుండు కాస్త. ...తల్లీ, నేను పడుకున్నాక కూడా పెడుతున్నావా ఏనుగుని?"

"ఊఁ."

"రోజూనా?"

"పదిసార్లు లేచాక వెళ్ళి పడుకుంటా. ఒక్కోసారి లేవడానికి చాలాసేపు పడుతుంది. అప్పుడు నేను కూడా ఊపిరి పీల్చను."

"..."

"నాన్నా, ఏనుగు కదలట్లేదు. పీల్చు."

"పీలుస్తున్నా. ...ఏమే, ఆ ఫోనిలా ఇవ్వు."

"ఇదిగోండి."

"హలో, కంట్రోలరుగారూ, నేనే. ఐదింటి బండికి ఇంకెవర్నన్నా చూడండి. ...లేదు సార్, ఒంట్లో బానే ఉంది. ...ఇంట్లో పనుంది. ...తెలుసు సార్. రేపు కూడా."

"టీ చల్లారిపోతోందండీ."

"చల్లారనీ."

"నాన్నా, కదలకన్నానా! ఇప్పుడు బూట్లెందుకు విప్పుతున్నావు?"