గయ్యోన్ కొండ మీద టోపీ తీసినవాడు

ఫ్రాన్సులోని గయ్యోన్ కొండ మీద కార్ల పందెం ముగిసింది. గెలిచిన ఇంజనీరు చేతులు తుడుచుకుంటుంటే, ఒకప్పుడు అతన్ని పనిలోంచి తీసేసిన ఫ్యాక్టరీ యజమాని దగ్గరికొచ్చాడు.

"నా బండి సగం కొండలోనే ఆగిపోతుందని నీకు ముందే తెలుసు కదూ?"

"మీకూ తెలుసండీ. ఇంజను వేడెక్కుతుంది, బండి ముందు భాగంలో పెద్ద రేడియేటర్ పెడదామని చెప్పాను కదా."

"బండి మొహం పాడవుతుందన్నాను, అంతే."

"అంతేనా? పనివాళ్ళందరి ముందూ ఆ రేడియేటర్ డ్రాయింగు చింపి, నన్ను వానలోకి గెంటించారు. నేను గీసిన బండికి మీ అబ్బాయి పేరు పెట్టుకున్నారు."

"ఆ పేరు తీసేస్తాను. తిరిగొచ్చెయ్. నీ పేరే పెడదాం."

"అక్కర్లేదు. నా పేరు నా బండి మీదుంది. రేపు పారిస్ పేపర్లన్నీ దాన్నే వేస్తాయి."

"ఇంత కసేమిటయ్యా నీకు?"

"ఇన్నేళ్ళూ దాంతోనే బతికాను. ఇక ఏటా ఇక్కడికొస్తాను. ఏటా మీరు చూడాలి."

"ఓడించావు, సరే. బండి ఆవిరి కక్కుతుంటే, దాన్ని నడిపిన మా అబ్బాయి రోడ్డు పక్కన ఏడుపు మొహంతో నిలబడ్డాడు. నువ్వు నీ బండిలో పక్కనుంచి పోతూ టోపీ తీసి మరీ వెక్కిరించావు. అది మాత్రం మరిచిపోలేను."

"మీవాణ్ణి నేను చూడనేలేదు. నా చేత్తో గీసిన బండి మీ చేతుల్లో అలా చచ్చిపడి ఉంటే, టోపీ తియ్యకుండా ఎలా వెళ్ళనండీ?"