ఏ సాంచె పోగు తెగింది

సామ్రాజ్యాలు కూలేది కత్తుల వల్ల కాదు, తప్పు చోట పడిన 'స్టాటిక్' అనే ఒక్క మాట వల్లనని సిరిసిల్లలోని ఓ కంప్యూటర్ సెంటర్ గురువుగారు సెలవిచ్చారు. ఆ మహావాక్యాన్ని శిష్యురాలు తల వంచుకుని విన్నది. సాంచెలకు, అంటే మరమగ్గాలకు, ఆమె రాసిన ప్రోగ్రాం తాలూకు ప్రాజెక్టు కాగితం మీద ఆయన సంతకం పడకపోతే రేపటి ఉద్యోగపు ఇంటర్వ్యూ ఆమెకు లేనట్టే.

"పోగు తెగితే సాంచె ఆగాలె. గంతేనా నీ ప్రోగ్రాం?"

"గంతే సార్."

"తెగిందా లేదా అన్న సంగతి ఏ సాంచెది ఆ సాంచె దగ్గర ఉండాలె. దాన్నే ఇన్‌స్టాన్స్ వేరియబుల్ అంటరు. నువ్వేమో స్టాటిక్ అని రాసి, అన్నిటికీ కలిపి ఒక్కటే పెట్టినవ్. ఒకదాని పోగు తెగితే మీ షెడ్డుల పన్నెండు సాంచెలూ ఆగుతయి. ఒకనికి జరమొస్తే వాడకట్టంతా గోలీలు మింగాల్నా?"

"మా షెడ్డుల నెల నుంచి నడుస్తుంది సార్. ఒక్కనాడు తప్పు కాలె."

"నా ముందట అబద్ధాలు వద్దు బిడ్డా. సాంచెల చప్పుడుల పుట్టి గింత తెల్వదా? పన్నెండు సాంచెల ఆసామి బిడ్డవు. గీ రాత చూస్తే మీ నాయిన తలకాయ ఏడ పెట్టుకోవాలె?"

"నాయిననే చూసి బాగుందన్నడు సార్."

"ఆయనకు బాగనే ఉంటది. ఒకటి ఆగితే మిగతా పదకొండు ఆగకుంట ఎట్ల నడుస్తున్నయో చెప్పు. ఇప్పుడే సంతకం పెడత."

ఇంతసేపూ ఎవరూ అడగని సంగతిని ఇంటి గుట్టులా దాచుకున్న ఆమె మెల్లగా తలెత్తింది.

"మిగతా పదకొండు నిరుడే తుక్కుల పోయినయి సార్. ఉన్నది ఒక్కటే."