పిల్లీ, సబ్బూ

స్నానాల గది గుమ్మంలో ఆమె తడి చేతులతో నిలబడింది. అతను మెకానిక్ షెడ్డుకు బయలుదేరబోతూ బూట్లు తొడుక్కుంటున్నాడు.

"పాప చేతుల మీద మళ్ళీ దద్దుర్లు లేచాయండీ."

"అదేంటి? అమ్మ పెంచుకున్న పిల్లిని మనం పంపేసి రెండు నెలలైంది కదా?"

"కొత్త సబ్బు అయిపోయిందని, అలమారలో పడున్న పాత సబ్బుతో రెండు రోజులుగా స్నానం చేయిస్తున్నా."

"అంటే, పిల్లి వల్ల కాదా?"

"పిల్లిని పంపిన రోజే సబ్బూ మార్చాం. దద్దుర్లు తగ్గేసరికి, పిల్లి పోయింది కాబట్టే అనుకున్నాం."

"షెడ్డులో బండి మొరాయిస్తే ఒకేసారి రెండు పార్టులు మార్చనివ్వను. ఒకటి మార్చి, నడిపి చూశాకే రెండోది. లేకపోతే పాడైందేదో ఎలా తెలుస్తుంది?"

"మరి ఇంట్లో ఆ బుద్ధి ఏమైందండీ?"

"పాప ఏడుస్తుంటే నా బుర్ర పనిచేస్తేగా! పోనీ, ఆ సబ్బు పారేసి పిల్లిని వెనక్కి తెచ్చుకుందాం."

"పిల్లిని తీసుకున్నవాళ్ళకి నిన్న ఫోన్ చేశా. తీసుకెళ్ళిన వారానికే పారిపోయిందట. ఎంత వెతికినా దొరకలేదట."

"అమ్మకు తెలుసా?"

"ఏ నోటితో చెప్పను? రోజూ పాప చేతులు నిమిరి, 'పోనీలే, నా పిల్లిని వదులుకున్నందుకు నీ ఒళ్ళు బాగుపడింది' అనుకుంటూ మనసు సరిపెట్టుకుంటున్నారు."

లోపలి గదిలోంచి అతని తల్లి గొంతు వినిపించింది.

"స్నానం అయిందా బంగారం? ఏదీ, నీ చేతులు చూడనీ!"

అతను బూటు లేసు బిగించి లేచాడు.

"పాపకు పొడుగు చేతుల గౌను వెయ్యి," అన్నాడు.