వచ్చే ఏడాది చుక్కల మందు

"ఈ వారం ఏం కనిపెట్టావోయ్ బావమరిదీ?"

"కనిపెట్టడం కాదు బావా. ఎవరో కనిపెడతారని రాయడం."

"అదేలే. చెప్పు."

మేడమెట్ల కింద ఒక మిషనూ ఒక బల్లా పట్టేంత జాగాలో ఉంది ఆ దర్జీ కొట్టు. దర్జీకి కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఎడమ కంటికి రేపు పొద్దున ఆపరేషను. రానంటే రానని భీష్మించుకు కూర్చున్న ఆయన్ని ఎలాగైనా ఒప్పించమని, పై వాటాలోంచి ఆయన భార్య తన తమ్ముణ్ణి కిందికి తోలింది. ఆ తమ్ముడు వారపత్రికలో 'రేపటి ఇల్లు' అనే శీర్షిక నడుపుతాడు. ముందు ముందు రాబోయే వింత వస్తువుల గురించి పేజీలకు పేజీలు నింపేసే ఘటమే గానీ, బావ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాక మాత్రం అసలు మాట బయటికి రాక నీళ్ళు నములుతున్నాడు.

"చిరుగు తనంతట తనే అతుక్కునే గుడ్డ."

"అంటే?"

"మేకు తగిలి చొక్కా చిరిగిందనుకో. విప్పి దండెం మీద వేస్తే చాలు. తెల్లారేసరికి చిరుగు ఎక్కడుందో వెతుక్కోవాలి."

"నా పొట్ట కొట్టేదాకా నీకు నిద్రపట్టేలా లేదు. ఎప్పటికొస్తుందట?"

"పదేళ్ళని రాశాను."

"పదేళ్ళా! ఈలోగా ఇంకో రెండు మిషన్లు అరగ్గొడతాలే. ఇంకా?"

"పాలు పొంగబోయే ముందు కేకేసి పిలిచే గిన్నె."

"అది మీ అక్కకి కొనిపెట్టు. ఇంకా?"

"బావా, నేనొచ్చింది అందుక్కాదు."

"ఏదీ, ఈ సూదిలో దారం ఎక్కించు. నీ కళ్ళు కుర్రవి."

"ఇలా ఇవ్వు. ఏ దారం?"

"అక్కడుందిగా, నీలంది."

"ఇది నల్లది బావా."

"అదే, దాని పక్కది. మీ అక్క ఈ డబ్బా సర్దిన దగ్గర్నుంచీ ఏది ఎక్కడుందో తెలిసి చావట్లేదు."

"ఇదిగో సూది. జాగ్రత్త. బావా, రేపు పొద్దున..."

"నేనూ ఒకటి కనిపెట్టానోయ్. రాసుకుంటావా?"

"నువ్వా? ఏంటది?"

"ఒక చొక్కా. తొడుక్కున్నవాడు అబద్ధం చెప్పాడంటే గుండీ ఊడి పడిపోతుంది."

"అదొచ్చిందంటే మా ఆఫీసులో అందరం బనీన్లతో తిరగాలి."

"నా ఒంటి మీద మాత్రం మిగుల్తాయా ఏంటి!"

"నువ్వేం అబద్ధాలు చెప్తావు బావా, నీ మొహం. సరే, నవ్వింది చాలు. రేపు పొద్దున్నే ఆసుపత్రిలో ఉండాలి. బండి మాట్లాడేశాను."

"ఎవరికి?"

"ఎవరికేంటి? నీకే."

"నాకెందుకు? నాకు మందొస్తోందిగా."

"ఏ మందు?"

"బాగుంది వరస! రాసినవాడివి నువ్వు, అడిగేదీ నువ్వేనా? చుక్కల మందు. రాత్రి పడుకోబోయే ముందు కంట్లో రెండంటే రెండు చుక్కలు. కొయ్యక్కర్లేదు, కట్టు కట్టక్కర్లేదు. ఎండిన నరం మళ్ళీ చిగురిస్తుంది. పొల్లు పోకుండా నీ రాతే."

"అది... అది ఊరికే రాసింది బావా."

"ఊరికే రాస్తే అచ్చెందుకేశారు?"

"పేజీ నిండాలి కాబట్టి వేశారు. నా విద్యంతా చెప్పనా నీకు? మధ్యాహ్నానికల్లా ఇచ్చెయ్యమంటాడు సంపాదకుడు. పొద్దుట్నుంచి నన్నేది విసిగించిందా అని కూర్చుని ఆలోచిస్తాను. చెప్పు కనబడకపోతే నడిచొచ్చే చెప్పులు. గొడుగు మర్చిపోతే నెత్తిమీద ఎగురుకుంటూ వచ్చే గొడుగు. ఎవర్నీ అడిగేది లేదు, ఎక్కడా చదివేది లేదు. అంతే."

"మరి కొలతల అద్దం?"

"ఏ అద్దం?"

"ఎదురుగా నిలబడితే చాలు, మెడ నుంచి మడమ దాకా కొలతలన్నీ చెప్పేసే అద్దం వస్తుందని రాశావా లేదా?"

"రాశాను."

"చదివి నేను నవ్వానా లేదా?"

"నవ్వావు."

"ఇప్పుడది మలుపులో పెద్ద కొట్టులో ఉందా లేదా? నా గిరాకీలో సగం మంది వెళ్ళి దాని ముందు చేతులు చాపుకుని నిలబడుతున్నారా లేదా?"

"అది ఏదో తగిలింది బావా. వంద రాస్తే ఒకటి తగిలింది."

"నన్ను ముంచడానికైతే తగిలింది. తేల్చడానికి తగలదా?"

"తగలదు."

"అంత ఖాయంగా ఎలా చెప్తావు? రాబోయేది నాకు తెలీదని నువ్వే అంటున్నావు. వస్తుందో లేదో తెలీనివాడివి, రాదని మాత్రం ఎలా తెలిసింది?"

"నీతో వాదించడం నా వల్ల కాదు. సరే, ఒక పని చేస్తాను. వచ్చే వారం అదే శీర్షికలో, పెద్దక్షరాలతో, చుక్కల మందు ఉత్త బూటకం అని రాస్తాను. అచ్చులో చూస్తే నమ్ముతావా?"

"నీ చేత ఎవరో బలవంతాన రాయించారనుకుంటాను."

"బావా!"

"ఆసుపత్రులవాళ్ళే రాయించి ఉంటారనుకుంటాను."

"నీకిది ఆటగా ఉంది. అక్కడ ఆఫీసులో నా బతుకెలా ఉందో తెలుసా? ఆ మందు ఎక్కడ దొరుకుతుందని ఫోన్లు. ఇప్పటికీ వస్తున్నాయి. ఒకావిడైతే రోజూ చేస్తుంది, వాళ్ళ నాన్నకట. ఆ టైముకి ఫోను మోగిందంటే నేను లేచి బాత్రూంలోకి పోతున్నాను."

"మరి ఆవిడకి ఏం చెప్తున్నారు?"

"మా గుమాస్తా తీస్తాడు. వచ్చే ఏడాది అని చెప్పి పెట్టేస్తాడు."

"చూశావా! వచ్చే ఏడాదట."

"దేవుడా!"

"దర్జీగారూ, నా చొక్కా అయిందా?"

"రండి రండి పోస్టుమాస్టరుగారూ. నిన్ననే అయిపోయింది. ఇదిగోండి."

"ఇది నాది కాదయ్యా. ఇది తెల్లది. నాది గళ్ళది."

"అయ్యో, మావాడు మాటల్లో పెట్టేశాడండీ. ఒరేయ్, ఆ గళ్ళది ఇలా అందుకో. ఆఁ, అదే. చేతులు ఒకసారి చూసుకోండి, బిగుతైతే విప్పేస్తాను."

"సరిగ్గానే ఉన్నాయి. రేపు ఆపరేషనటగా? ధైర్యంగా వెళ్ళండి. మా పెద్దమ్మకీ ఇవే, నీటికాసులు. చేయించుకుంది. ఉన్న చూపు ఉన్నట్టే నిలిచింది."

"అలాగేనండీ."

"వస్తాను మరి."

"మంచిదండీ... వెళ్ళాడా?"

"వెళ్ళాడు. విన్నావుగా ఆయన చెప్పింది?"

"విన్నాను. వీధి వీధంతా చాటింపేసింది మీ అక్కేనా?"

"ఎవరైతేనేం. పోయింది తిరిగిరాదు, ఉన్నది నిలుస్తుంది. మన డాక్టరు చెప్పిందీ అదేగా?"

"ఆయన ఉన్నది నిలుస్తుందన్నాడు. నువ్వు పోయింది కూడా వస్తుందన్నావు. ఏది మెరుగు?"

"నాదే మెరుగు. కాకపోతే అబద్ధం. అసలా మందు గురించి ఏ వారం రాశానో తెలుసా నీకు? నీ కుడి కన్ను పోయిందని అక్క ఫోన్లో ఏడ్చిన వారం. నేను చెయ్యగలిగింది ఒక్కటంటే ఒక్కటి లేదు. వైద్యం తెలుసా, తెలీదు. పోనీ పెద్ద ఆసుపత్రుల్లో పలుకుబడి ఉందా, లేదు. చేతిలో ఒక పెన్ను, ముందు అర పేజీ ఖాళీ. ఏం చెయ్యాలో తోచక రాశాను బావా. చదివితే అక్క కాస్త నవ్వుతుందని రాశాను."

"నవ్వింది."

"ఏంటి?"

"నవ్విందిరా. పత్రిక పట్టుకుని గబగబా మెట్లు దిగొచ్చి, కుట్టేది ఆపించి, మొత్తం చదివి వినిపించింది. మా తమ్ముడు రాశాడు అని మళ్ళీ మొదట్నుంచి చదివింది."

"ఆ తర్వాతేగా నువ్వు మొదటిసారి ఆసుపత్రికి రానన్నావు?"

"ఆ తర్వాతే."

"నా వల్లేగా?"

"మరీ మురిసిపోకు. నీ వల్ల ఏదైనా జరిగేంత మొనగాడివేం కాదు నువ్వు."

"సరే బావా. ఇక దాచి లాభం లేదు. అసలు మాట చెప్పేస్తాను."

"చెప్పు."

"చుక్కల మందు వస్తోంది. నిజంగానే."

"ఇందాకే రాదన్నావు."

"పూర్తిగా విను. వస్తోంది గానీ, అది ఆపరేషను చేయించుకున్న కంటికే పనిచేస్తుందట. చేయించుకోని కంట్లో వేస్తే మామూలు నీళ్ళు వేసినట్టే. వచ్చే వారం అదే రాస్తున్నాను. అందుకని రేపు నువ్వు చేయించేసుకున్నావనుకో, ఏడాది తిరిగేసరికి..."

"ఇదెప్పుడు కల్పించావు? పోస్టుమాస్టరు వచ్చే ముందా, వెళ్ళాకా?"

"కల్పించలేదు బావా."

"ముందా, వెళ్ళాకా?"

"వెళ్ళాక."

"బాగుంది. నువ్వు రాసినవాటన్నిట్లో ఇదే బాగా కుదిరింది. ఒక్క క్షణం నిజమేననిపించింది."

"నీ కాళ్ళు పట్టుకుంటాను బావా. ఇంకెలా చెప్పాలో నాకు తెలీట్లేదు. నా రాత నమ్మి మా బావ కన్ను పోగొట్టుకున్నాడంటే నేను ఎలా బతకాలి? ఏ మొహం పెట్టుకుని ఈ మెట్లెక్కాలి?"

"ఏడుస్తున్నావా? ఒరేయ్. ఒరేయ్, ఇటు విను. నీ రాత నేనెప్పుడు నమ్మాను?"

"ఏంటి?"

"నడిచొచ్చే చెప్పుల గురించి రాసేవాడి మాట నమ్మి ఎవడైనా కన్ను వదులుకుంటాడట్రా? నా చెవిలో పువ్వులున్నాయా?"

"మరి ఇందాకట్నుంచీ అద్దం, అచ్చు, మందు అంటూ నన్ను కాల్చుకు తిన్నదంతా? అసలు మొదటిసారి ఎందుకు రానన్నావు?"

"భయం."

"భయమా?"

"కత్తి పడితే ఉన్నదీ పోతుందేమోనని. చెప్పుకోవడానికి సిగ్గేసింది. అందరూ పద పద అన్నవాళ్ళే. ఆగు అని రాసినవాడివి నువ్వొక్కడివే. నాక్కావలసింది చుక్కలు కాదురా, ఆ ఒక్క మాట. దాన్ని పట్టుకుని కూర్చున్నాను."

"సరే, భయమే అనుకో. తప్పేముంది? నేనుంటాను పక్కన. లోపలికి తీసుకెళ్ళేదాకా చెయ్యి వదలను. రేపు..."

"రేపు వాళ్ళు నిలబెట్టడానికి ఏమీ లేదు."

"అంటే?"

"ఉన్న చూపు నిలుస్తుందన్నారు. ఉండాలి కదా."

"బావా!"

"అరవకు. పైకి వినబడుతుంది."

"ఎప్పట్నుంచి?"

"పోయిన నెల నుంచి. పక్కల నుంచి మూసుకుంటూ మూసుకుంటూ వచ్చి, నడిమధ్యన బొత్తామంత మిగిలింది. ఒక పొద్దున లేచేసరికి అదీ లేదు. కిటికీ ఉన్నవైపు కాస్త తెల్లగా ఉంటుంది, అంతే."

"అక్కకి తెలీలేదా? మరి ఈ బట్టలన్నీ ఎలా?"

"నడుం నొప్పని చెప్పి కత్తిరించే పని తనకే అప్పగించాను. కుట్టడం వేళ్ళకి వచ్చు. మెట్లు కాళ్ళకి అలవాటే."

"లే బావా. ఇప్పుడే వెళ్దాం. రేపటిదాకా ఎందుకు? డాక్టరుని బతిమాలదాం, ఏదో ఒకటి..."

"చూపించుకున్నాను. మొన్న మీ అక్క గుడ్డలు తేవడానికి బజారుకెళ్ళినప్పుడు, నేనే బండి పిలుచుకుని వెళ్ళొచ్చాను."

"ఒక్కడివే వెళ్ళావా?"

"ఒక్కణ్ణే. ఆయన లైటు వేసి చాలాసేపు చూసినట్టున్నాడు. తర్వాత భుజం మీద చెయ్యేశాడు. నరం చచ్చిపోయింది, ఇక కొయ్యడం అనవసరం అన్నాడు. రేపు ఆపరేషనుకి నాకిచ్చిన టైము ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పి వచ్చేశాను."

"అక్కకి చెప్పాలి బావా. ఇది దాచే విషయమా?"

"చెప్తాను. చెప్పక ఎక్కడికి పోతాను? ఇప్పుడే వద్దు."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?"

"ష్... అదిగో, పైన మొదలెట్టింది. ఏమంటోంది?"

"'ఒప్పుకున్నాడా ఆ మొండిఘటం, లేక నన్నే రమ్మంటాడా' అంటోంది."

"ఇంకా?"

"'రేపు కదలకపోతే కాళ్ళూ చేతులూ కట్టి బండిలో పడేయిస్తాను, చూస్తూ ఉండు' అంటోంది. ఇంకా ఏవేవో అంటోంది బావా. మీ వంశం మొత్తాన్ని ఏకిపారేస్తోంది."

"విన్నావా, ఎంత కోపమో! ఆ గొంతు విను. నేను ఊఁ అంటే చాలు, అంతా బాగైపోతుందనుకుంటోంది. అందుకే అంత కోపం."

"నన్నేం చెయ్యమంటావు బావా? ఏదో ఒకటి చెప్పు, చేస్తాను."

"వచ్చే వారం కూడా రాయి, మందొస్తోందని. బాగా నమ్మేలా రాయి. దాన్ని పట్టుకుని నేనింకో నాలుగు రోజులు మొండికేస్తాను. నిజం తెలిసిందంటే మీ అక్క ఇక జన్మలో నన్ను తిట్టదురా."